కుండీలో ఏ మట్టి వేయాలి? ఎర్రమట్టి, నల్లమట్టి, కోకోపీట్, రెడీమేడ్ మిక్స్‌ల పోలిక

కుండీలో మొక్క నీరసించగానే చాలామంది ముందు ఎరువు మార్చి చూస్తారు. తర్వాత మందు కొడతారు. మట్టి మీద అనుమానం అన్నిటికంటే చివర్లో వస్తుంది. నిజానికి కుండీ మొక్కల కష్టాలు చాలావరకు మట్టి దగ్గరే మొదలవుతాయి. అది కూడా సారం చాలక కాదు, వేళ్లకు గాలి ఆడక. సారం తక్కువైతే వచ్చే వారం రెండు పిడికెళ్ల వర్మీ కంపోస్ట్ వేసి సరిపెట్టుకోవచ్చు. గాలి ఆడని మట్టిలో నాటిన మొక్కకైతే తర్వాత చేయగలిగింది ఒక్కటే, దాన్ని బయటికి తీసి వేరే మట్టిలో పెట్టడం. అందుకే ఏది కొనాలి, ఏది ఎంత కలపాలి అని తేల్చుకునేటప్పుడు నేను చూసేది రెండే: నీళ్లు పోశాక ఆ మట్టిలో ఎంత గాలి మిగులుతుంది, ఆ గుణం ఎన్నాళ్లు నిలుస్తుంది.

నేలలో పనికొచ్చిన మట్టి కుండీలో ఎందుకు పనికిరాదు

మంచి నేలను తవ్వి చూస్తే అందులో దాదాపు సగమే గట్టి పదార్థం. 45 శాతం ఖనిజ రేణువులు, 5 శాతం సేంద్రియ పదార్థం ఉంటాయి. మిగతా సగం ఖాళీలే. ఆ ఖాళీల్లో సగం నీరు, సగం గాలి ఉంటే మొక్కకు హాయి. నేలలో పోసిన నీరు కింద ఎంతో లోతు మట్టి ఉంటుంది కాబట్టి దిగిపోతూనే ఉంటుంది. వానపాములు, పాత వేళ్లు చేసిన దారులు దానికి తోడు. కుండీలో ఆ వీలు లేదు. అడుగున ఎన్ని రంధ్రాలు ఉన్నా, నీళ్లు కారడం ఆగిపోయాక కూడా కింది పొర పూర్తిగా తడిసే ఉంటుంది. సన్న ఖాళీలు నీటిని పట్టి ఉంచుకుంటాయి, వదలవు.

ఇది కళ్లారా చూడాలంటే గిన్నెలు తోమే స్పాంజి చాలు. దాన్ని నీళ్లలో ముంచి, వెడల్పు వైపు కిందికి ఉండేలా చేతిలో అడ్డంగా పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు అదే స్పాంజిని పిండకుండా నిలువుగా తిప్పండి. మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, నీళ్లూ అవే, మారింది ఎత్తు మాత్రమే. కుండీలో జరిగేదీ ఇదే. అడుగున తడి నిలిచే పొర మందం మట్టి రేణువుల సైజును బట్టి ఉంటుంది తప్ప కుండీ లోతును బట్టి కాదు. ఒక మట్టిలో ఆ పొర 5 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 30 సెంటీమీటర్ల లోతున్న కుండీలో అది ఆరో వంతు, 10 సెంటీమీటర్ల ట్రేలో ఏకంగా సగం. కాబట్టి కుండీ ఎంత తక్కువ లోతుగా ఉంటే మట్టి అంత గరుకుగా ఉండాలి. ఒకే మిశ్రమాన్ని పెద్ద తొట్టికీ చిన్న ట్రేకీ వాడి, ఒకదానిలో బాగా వచ్చింది, ఇంకోదానిలో కుళ్లిపోయింది అని తలపట్టుకునేవాళ్లు ముందు లోతు చూసుకోవాలి.

దీని వెంటే ఇంకో మాట చెప్పాలి. అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా పోతుందని తరతరాలుగా చెబుతున్నారు. అది నిజం కాదు. సన్న మట్టిలోని నీరు, తన పొర పూర్తిగా నిండేదాకా కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి దిగదు. కాబట్టి గులకరాళ్లు వేస్తే తడి పొర అంతే మందంతో కాస్త పైకి జరుగుతుంది. వేళ్లకు ఉన్న చోటు కూడా తగ్గుతుంది. రంధ్రం మూసుకుపోకుండా ఒక పెంకు ముక్కో, చిన్న జాలీ ముక్కో వేస్తే సరిపోతుంది.

ఎర్రమట్టి, నల్లమట్టి: చేతిలో తేలే తేడా

ఖనిజ రేణువుల్లో మూడు సైజులు ఉంటాయి. ఇసుక 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా, ఒండ్రు 0.05 నుంచి 0.002 దాకా, అంతకన్నా సన్ననిది బంక. ఈ మూడూ ఏ పాళ్లలో ఉన్నాయో తెలుసుకోవడానికి లేబొరేటరీ అక్కర్లేదు. పారదర్శకంగా ఉండే సీసాలో మూడో వంతు మట్టి, నిండా నీళ్లు, ఒక చుక్క సబ్బు ద్రావణం వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక కూర్చుంటుంది, కొన్ని గంటల్లో ఒండ్రు, బంక తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పొరల మందం స్కేలుతో కొలుచుకోవచ్చు.

అంత ఓపిక లేకపోతే తడి మట్టిని ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీయండి. 2.5 సెంటీమీటర్లు సాగకముందే తెగిపోతే అది ఇసుక, ఒండ్రు, బంక కలగలిసిన గరప మట్టి, కుండీకి పనికొస్తుంది. 5 సెంటీమీటర్లు దాటి సాగితే బంకమట్టి. ఉండ కూడా కట్టకుండా రాలిపోతే ఇసుక.

ఎర్రమట్టికి ఆ రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వస్తుంది. ఇందులో ఉండే బంక సాధారణంగా నీటికి పెద్దగా ఉబ్బదు, ఎండితే పెద్దగా ముడుచుకోదు. కుండీకి ఇది గొప్ప గుణం. లోపమేమిటంటే పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ, సేంద్రియ పదార్థం, నత్రజని కూడా తక్కువే. పైగా ఎర్రమట్టి అని అమ్మేదంతా ఒకటి కాదు. ఇసుక కలిసిన ఎర్ర గరప వేరు, జిగురుగా ఉండే ఎర్ర బంక వేరు. రెండోదాన్ని ఒక్కదాన్నే కుండీలో నింపితే కొన్ని నెలలకే పైన పెచ్చు కట్టి, పోసిన నీళ్లు పైనే నిలబడతాయి. రంగు చూసి కాదు, రిబ్బన్ లాగి చూసి కొనండి.

నల్లరేగడి సారవంతమైన నేల అని పేరు. ఆ పేరు పొలానికి. కుండీలో దాని సారమంతా దాని ప్రవర్తన ముందు తేలిపోతుంది. అందులోని బంక తడిస్తే ఉబ్బి ఖాళీలన్నీ మూసేస్తుంది. ఎండితే ముడుచుకుని కుండీ గోడను వదిలేస్తుంది. అప్పుడు నీళ్లు పోస్తే ఆ సందులోంచి సర్రున కిందికి జారి ప్లేటులోకి వస్తాయి. నీళ్లు బాగా దిగాయని మనం అనుకుంటాం, మధ్యలో వేళ్ల ముద్ద మాత్రం పొడిగానే ఉంటుంది. నల్లమట్టిలో సున్నం ఎక్కువగా ఉండి క్షార గుణం వైపు మొగ్గడం కూడా మామూలే.

దీన్ని ఇసుక కలిపి బాగుచేద్దామని చాలామంది చూస్తారు. కొద్దిపాటి ఇసుకతో పని జరగదు, ఇసుక రేణువుల చుట్టూ బంక పేరుకుని ఇంకా గట్టిపడుతుంది. నల్లమట్టి తప్ప ఇంకేదీ దొరకని చోట దాన్ని మిశ్రమంలో ఐదో వంతుకు మించనీయకుండా, మిగతాదంతా కోకోపీట్ (కొబ్బరి పొట్టు), చివికిన ఎరువు, గరుకు పదార్థంతో నింపడం మేలు. ఆ కొంచెం నల్లమట్టి నీటినీ పోషకాలనూ పట్టి ఉంచుతుంది, చెడు చేసేంత బలం ఉండదు. అచ్చంగా నల్లమట్టే కావాల్సిన మొక్కలు కూడా ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాను.

చెరువు ఒండ్రు గురించి రెండు ముక్కలు. సారం బాగుంటుంది, ఎండబెట్టి గడ్డలు చిదిపి నాలుగో వంతు దాకా కలుపుకోవచ్చు. విడిగా వాడితే సిమెంటులా గడ్డకడుతుంది.

మట్టి లేని మిశ్రమాలు ఎందుకొచ్చాయి

కుండీ మొక్కలకు మట్టే ఉండాలన్న నమ్మకం సడలడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. 1930లలో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థ పరిశోధకులు ఆవిరి పట్టిన గరప మట్టి 7 పాళ్లు, పీట్ (బురద నేలల్లో పేరుకున్న నాచు) 3 పాళ్లు, గరుకు ఇసుక 2 పాళ్లు కలిపి ఒక ప్రామాణిక మిశ్రమం తయారుచేశారు. అంతకుముందు ఒక్కో తోటమాలిది ఒక్కో రహస్య పాకం. ఈ మిశ్రమానికి వచ్చిన చిక్కల్లా ప్రతిసారీ ఒకేలాంటి మంచి గరప మట్టి దొరకకపోవడం. 1950లలో కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు మట్టిని పక్కనపెట్టి సన్న ఇసుక, పీట్‌తో మిశ్రమాలు ప్రచారంలోకి తెచ్చారు. 1960లలో కార్నెల్ యూనివర్సిటీ పీట్‌తో వర్మికులైట్, పెర్లైట్ అనే వేడికి ఉబ్బిన ఖనిజాలు కలిపి తేలికపాటి మిశ్రమాలు చేసింది. ఇవాళ సంచుల్లో దొరికే రెడీమేడ్ మిక్స్‌లు చాలావరకు ఆ దారిలో వచ్చినవే.

మట్టి లేని మిశ్రమానికి రెండు లాభాలు ఖాయం. మొదటిది బరువు. 12 అంగుళాల కుండీ నిండా తడి మట్టి వేస్తే 25 కిలోలకు పైనే తూగుతుంది. కోకోపీట్ ఎక్కువగా ఉన్న మిశ్రమమైతే దాదాపు అందులో సగం. బాల్కనీలో, మేడ మీద పదుల కుండీలు పెట్టేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. రెండోది, నేల నుంచి వచ్చే వేరుకుళ్లు, నులిపురుగులు, కలుపు గింజల బెడద బాగా తగ్గుతుంది. నష్టం కూడా స్పష్టమే. అందులో సొంత పోషకాలు దాదాపు ఉండవు, క్రమం తప్పకుండా ఎరువు ఇస్తూ ఉండాలి. పది రోజులు మర్చిపోతే మట్టి ఓర్చుకుంటుంది, కోకోపీట్ ఓర్చుకోదు.

కోకోపీట్‌ను నమ్మే ముందు

కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టే కోకోపీట్. తన బరువుకు ఎనిమిది రెట్ల దాకా నీటిని పట్టుకుంటుంది. లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ కాబట్టి త్వరగా చివికి కుంగిపోదు. పూర్తిగా ఎండినా నీళ్లు పోస్తే మళ్లీ తేలిగ్గా తడుస్తుంది. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటుంది, పూలమొక్కల్లో చాలావాటికి అది అనుకూలమే. 5 కిలోల దిమ్మ నానితే 60 లీటర్లకు తక్కువ కాకుండా పొట్టు వస్తుంది.

అసలు టెన్షన్ ఉప్పుతోనే. కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం, క్లోరైడ్ సహజంగానే ఎక్కువ. పీచును ఉప్పునీటిలో నానబెట్టి తీసి ఉంటే మరీ ఎక్కువ. కడగని కోకోపీట్‌లో నాటిన మొక్క ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. దిమ్మను పెద్ద టబ్బులో నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంపేసి, మళ్లీ మంచినీళ్లు పోసి, కనీసం రెండు మూడు సార్లు కడగాలి. మొదటిసారి వచ్చే నీరు చిక్కటి కషాయంలా ఉంటుంది, రంగు పలచబడేదాకా వదలొద్దు. కడిగినా పొట్టును అంటిపెట్టుకున్న సోడియం, పొటాషియం కొంత మిగిలిపోతాయి. తర్వాత మనం ఇచ్చే కాల్షియం, మెగ్నీషియంను ఆ పొట్టు తనే పట్టేసుకుని మొక్కకు అందనివ్వదు. అందుకే వ్యాపారంగా పెంచేవాళ్లు దాన్ని కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి వాడతారు. దిమ్మ మీద ‘బఫర్డ్’ అని ఉంటే ఆ పని అయిపోయినట్టు, ‘లో ఈసీ’ అని ఉంటే ఉప్పు కడిగినట్టు. రెండూ లేనిది చవగ్గా దొరికితే కడిగే నీళ్ల ఖర్చు, శ్రమ కూడా లెక్కలో వేసుకోండి.

ఇంకో ఇబ్బంది కంటికి సంబంధించింది. కోకోపీట్ పైపొర త్వరగా ఎండి లేత గోధుమరంగులోకి వస్తుంది, లోపల మాత్రం తడి దండిగా ఉంటుంది. పైన చూసి నీళ్లు పోసేవాళ్ల చేతిలో మొక్క మునిగిపోతుంది. వేలు రెండు అంగుళాలు దించి చూడండి, లేదా కుండీని కొంచెం ఎత్తి బరువు చూడండి. తడి కుండీ, పొడి కుండీ బరువులు చేతికి అలవాటయ్యాక ఏ మీటరూ అక్కర్లేదు.

అచ్చంగా కోకోపీట్‌లోనే పూలమొక్క పెంచమని నేను ఎవరికీ చెప్పను. మిశ్రమంలో మూడో వంతు దగ్గర ఆపితే దాని మంచి అంతా దక్కుతుంది.

పీట్ మాస్ చూడ్డానికి దీనిలాగే ఉంటుంది కానీ స్వభావం వేరు. పీహెచ్ 3.5 నుంచి 4.5, అంటే బాగా ఆమ్లం, సున్నం కలపనిదే చాలా మొక్కలకు పనికిరాదు. ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని దగ్గరికి రానివ్వదు, పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. బురద నేలల్లో ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మందాన పేరుకునే పదార్థం అది, తవ్వేస్తే వందల ఏళ్ల కార్బన్ గాల్లోకి పోతుంది. ఆమ్లం కోరే మొక్కలు పెంచేవాళ్లు తప్ప మిగతావాళ్లు దాని జోలికి వెళ్లాల్సిన అవసరం నాకు కనిపించదు.

గాలి కోసం కలిపేవి

పెర్లైట్ అనేది అగ్నిపర్వత గాజు. దాన్ని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేస్తే లోపలి తేమ ఆవిరై పేలాల్లా ఉబ్బుతుంది. తేలిక, చివకదు, పోషకాలు లేవు, పని ఒక్కటే, ఖాళీలు తెరిచి ఉంచడం. నీళ్లు జోరుగా పోస్తే పైకి తేలుతుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి సంచిలోనే కాసిని నీళ్లు చిలకరించి తీయాలి.

వర్మికులైట్‌ను దీనికి బదులు వాడొచ్చని చాలామంది అనుకుంటారు. రెండింటి పనీ ఎదురెదురు. వర్మికులైట్ అభ్రకం లాంటి పొరల ఖనిజం, నీటినీ పోషకాలనూ పట్టి ఉంచుతుంది, కాలం గడిచేకొద్దీ తడికి నలిగి కూర్చుంటుంది. గింజలు మొలకెత్తించే ట్రేలకు బాగా పనికొస్తుంది. ఏళ్లపాటు ఉండే కుండీకి పెర్లైటే నయం.

గరుకు ఇసుక కూడా తక్కువేమీ కాదు. బరువు దాని లోపం, ఒక్కోసారి అదే గుణం కూడా. ఎత్తుగా పెరిగే మందారం ప్లాస్టిక్ కుండీలో గాలికి పడిపోకుండా నిలబడాలంటే అడుగున ఆ బరువు ఉండాలి. రేణువు కంటికి విడివిడిగా కనిపించేంత ఉండాలి, జల్లెడ పట్టి సన్నది తీసేయాలి. ప్లాస్టరింగ్‌కు వాడే సన్న ఇసుక ఖాళీలు పెంచకపోగా ఉన్నవి మూస్తుంది. సముద్రపు ఇసుక ఉప్పు వల్ల అసలే వద్దు. ఇటుక ముక్కలు, ప్యూమిస్ (తేలికపాటి అగ్నిపర్వత రాయి), కాల్చిన బంకమట్టి గుళికలు కూడా ఇదే పని చేస్తాయి. దుమ్ము కడిగి వాడాలి.

పచ్చి వరి ఊక, రంపపు పొట్టు మట్టిని గుల్ల చేస్తాయి, నిజమే. కానీ అవి చివికేటప్పుడు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని వాడేసుకుంటాయి, మొక్క లేత పసుపుకు తిరుగుతుంది. బొగ్గులా మాడ్చిన ఊకతో ఆ బాధ లేదు. తెల్లటి బూడిద అయ్యేదాకా కాల్చినదైతే క్షారం, కొద్దిగానే వాడాలి.

ఎరువు పాలు ఎంత

వర్మీ కంపోస్ట్ మంచిదని సగానికి సగం నింపేవాళ్లున్నారు. దాని రేణువులు సన్నవి, తడిస్తే బురదలా దగ్గరపడతాయి, లవణాలు కూడా ఎక్కువ. మిశ్రమంలో 20 నుంచి 30 శాతం చాలు. పశువుల ఎరువైతే పూర్తిగా చివికి ఉండాలి. చేతిలో పొడిపొడిగా రాలాలి, వేడి ఉండకూడదు, పేడ వాసన పోయి తడి మట్టి వాసన రావాలి. పచ్చిది వేస్తే అమ్మోనియా లేత వేళ్లను మాడ్చేస్తుంది. అనుమానంగా ఉంటే నాలుగు గింజలు చల్లి చూడండి. మొలకెత్తి పచ్చగా నిలిస్తే ఎరువు మాగినట్టే. ఆకు ఎరువు అన్నిటిలోకీ నాకిష్టం. సారం తక్కువే అయినా మట్టిని గుల్లగా ఉంచడంలో దానికి సాటిలేదు. ఎండుటాకులు పూర్తిగా మాగడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. ఎక్కువ పరిమాణంలో కొనడానికి దొరకడం కష్టం కాబట్టి ఒక మూల గోనెసంచిలో మగ్గబెట్టుకోవడమే.

రెడీమేడ్ సంచి కొనాలా, సొంతంగా కలుపుకోవాలా

నాలుగైదు కుండీలే ఉంటే కొనుక్కోండి. ఐదు రకాల పదార్థాలు తెచ్చి మిగిలినవి దాచుకునే తలనొప్పి ఉండదు. పది దాటితే సొంతంగా కలుపుకోవడమే లాభం, అందులో ఏముందో మనకు తెలుస్తుంది కూడా.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. నల్లగా ఉంటే సారవంతం అనుకోవడం అలవాటు, ఆ నలుపు బొగ్గుపొడి వల్ల రావచ్చు, చివకని పదార్థం తడిసి ఉండటం వల్లా రావచ్చు. సంచి మీద పదార్థాల పేర్లు లేకపోతే పక్కన పెట్టేయండి. ఎత్తి చూడండి. సైజుకు మించి బరువుంటే అందులో మట్టో ఇసుకో ఎక్కువ, లేదా నీళ్లతో తూకం పెరిగింది. తెరిచినప్పుడు పుల్లటి, కుళ్లిన వాసన వస్తే గాలి లేక పులిసిందన్నమాట. పరిచి రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చాకే వాడాలి. సన్న దోమల్లాంటి ఈగలు లేస్తే ఇంట్లో పెట్టే మొక్కలకు దాన్ని వాడొద్దు.

కొన్నదైనా కలిపినదైనా నాటే ముందు ఒక పరీక్ష చేయండి. లీటరు పట్టే ప్లాస్టిక్ డబ్బాకు అడుగున రంధ్రాలు చేసి, వాటికి బయటి నుంచి టేపు అంటించండి. మిశ్రమాన్ని అంచుదాకా నింపి, నేల మీద రెండుసార్లు తట్టి, పైన నీరు తేలేదాకా నెమ్మదిగా పోస్తూ గంటసేపు నాననివ్వండి. తర్వాత డబ్బాను గిన్నె మీద పట్టుకుని టేపు తీసేయండి. కారడం ఆగాక గిన్నెలోని నీళ్లు కొలవండి. ఆ నీరు ఖాళీ చేసిన చోటులోకే గాలి వస్తుంది. 150 మిల్లీలీటర్లు వచ్చాయంటే 15 శాతం గాలి. మామూలు పూలకుండీలకు 10 నుంచి 20 మధ్య ఉంటే బాగున్నట్టు. 5 దగ్గర ఆగిపోతే పెర్లైటో గరుకు ఇసుకో కలిపి మళ్లీ చూడండి. 30 దాటితే రోజుకు రెండుసార్లు నీళ్లు పోసే ఓపిక ఉండాలి.

ఏ మొక్కకు ఏది

మొక్క పేరు కన్నా ముందు నీళ్లు పోసే చేతిని చూసుకోవాలి. రోజూ నీళ్లు పోయకపోతే తోచని వాళ్లు గరుకు మిశ్రమం వైపు, వారానికోసారి గుర్తొచ్చేవాళ్లు కోకోపీట్, మట్టి ఎక్కువ ఉన్న మిశ్రమం వైపు మొగ్గాలి. మట్టి కుండీ గోడల్లోంచి కూడా తేమ పోతుంది, ప్లాస్టిక్‌లో పోదు. అదే మిశ్రమం మట్టి కుండీలో రెండు రోజులకు ఆరితే ప్లాస్టిక్‌లో ఇంకా ఎక్కువ రోజులు తడిగా ఉంటుంది.

ఏదీ తోచకపోతే ఎర్ర గరప రెండు పాళ్లు, కోకోపీట్ ఒకటిన్నర, చివికిన ఎరువు ఒకటి, గరుకు ఇసుక లేదా పెర్లైట్ అర పాలు కలపండి. బంతి, చామంతి, జీనియా, మందారం అన్నీ ఇందులో బతికేస్తాయి. బంతికి ఎరువు పాలు ఇంకా తగ్గించినా నష్టం లేదు. నత్రజని ఎక్కువైతే మోకాలెత్తు ఆకు వస్తుంది, పూలు రావు. మందారానికి దాహం ఎక్కువ, ఎండాకాలంలో దానికి కోకోపీట్ పాలు పెంచొచ్చు.

గులాబీకి మట్టి పాలు తగ్గించొద్దు. ఏళ్ల తరబడి ఒకే కుండీలో ఉండే మొక్క కాబట్టి కుంగిపోని ఖనిజ భాగం సగం దాకా ఉండాలి, ఎరువు పావు వంతు, మిగతాది కోకోపీట్, పెర్లైట్. పీహెచ్ 6 నుంచి 6.5 దగ్గర బాగా పూస్తుంది.

మల్లె విషయంలో కోకోపీట్‌ను నేను బాగా తగ్గిస్తాను. మల్లెను పూతకు తేవాలంటే కొన్నాళ్లు నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, మళ్లీ నీళ్లు ఎరువు ఇస్తారు. మట్టి ఆరాలి, అప్పుడే ఆ ఉపాయం పనిచేస్తుంది. కోకోపీట్ నిండిన కుండీ ఓ పట్టాన ఆరదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, గరుకు ఇసుక ఒకటి, ఎరువు ఒకటి దీనికి సరిగ్గా సరిపోతాయి. కనకాంబరానికి నులిపురుగుల బెడద ఎక్కువ, కాబట్టి పాత తోట మట్టి వాడకుండా శుభ్రమైన మిశ్రమంతో మొదలుపెట్టాలి.

అడీనియంకు సగానికి పైగా గరుకు పదార్థమే, ఇటుక ముక్కలు, పెర్లైట్, ముతక ఇసుక ఏదైనా సరే. దుంప కుళ్లడం తప్ప దానికి పెద్ద శత్రువు లేదు. ఆర్కిడ్‌లలో చెట్ల మీద పెరిగే జాతులకు మట్టే వద్దు, బొగ్గు, చెట్టు బెరడు, కొబ్బరి డొక్క ముక్కలు చాలు. ఆంథూరియంకు కొబ్బరి డొక్క ముక్కలతో పాటు కాస్త కోకోపీట్, పెర్లైట్. ఇంట్లో పెట్టే మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్‌లకు వెలుతురు తక్కువ, నీటి వాడకం తక్కువ, అందుకని బయటి కుండీల కన్నా గరుకుగా ఉండాలి.

కలువ, తామరలకు నల్లమట్టి బంగారం. నీటి అడుగున కదలకుండా కూర్చుంటుంది, పోషకాలను వదలదు. అందులో కంపోస్ట్, కోకోపీట్ కలిపితే అవి పైకి తేలి, కుళ్లి, నీటిని పాడుచేస్తాయి. అన్ని కుండీలకూ చెప్పిన సూత్రం ఇక్కడ తలకిందులవుతుంది, ఎందుకంటే ఈ మొక్కలు గాలిని ఆకుకాడల గుండా వేళ్లకు తామే పంపుకుంటాయి.

నూరువరహాలు, గంధరాజం, అజేలియా లాంటివి ఆమ్ల మట్టి కోరతాయి. క్షార మట్టిలో ఇనుము ఉన్నా అది వేళ్లకు అందదు. లేత ఆకు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే గుర్తు అదే. దానికి ఇంకాస్త ఎరువు వేస్తే బాగవదు. మట్టి మీద కాస్త వెనిగర్ పోసి చూడండి, బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టు, ఆ మట్టి వీటికి వద్దు. ఉప్పదనం, సున్నం ఉన్న బోరు నీళ్లు రోజూ పోస్తుంటే మొదట్లో సరిగ్గా ఉన్న మట్టి కూడా నెలలు గడిచేకొద్దీ క్షారం వైపు జరుగుతుంది, వీలైనప్పుడల్లా వాననీరు పోయడం మంచి మందు. హైడ్రాంజియాలో ఇది కంటికే కనిపిస్తుంది. నీలం, గులాబీ రకాల్లో మట్టి పీహెచ్ 5.5 కన్నా తగ్గితే అల్యూమినియం అందుబాటులోకి వచ్చి పూలు నీలం, 6.5 దాటితే గులాబీ రంగు.

పాత మట్టిని ఏం చేయాలి

సేంద్రియ పదార్థం చివికేకొద్దీ కుండీలో మట్టి కిందికి దిగుతుంది. పైన కంపోస్ట్ నింపుకుంటూ పోతే సారం వస్తుంది కానీ అడుగున గట్టిపడిన మట్టి అలాగే ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో మొక్కను బయటికి తీసి, వేళ్ల ముద్ద చుట్టూ అంగుళం మట్టి రాల్చి, కొత్త మిశ్రమంతో తిరిగి నాటాలి. నర్సరీ నుంచి వచ్చిన మొక్కకు కూడా ఇది వర్తిస్తుంది. జిగురు ఎర్రమట్టి ముద్దతో వచ్చిన మొక్కను అలాగే కోకోపీట్ మిశ్రమంలో పెడితే ముద్ద ఒకలా, చుట్టూ మట్టి ఇంకోలా తడుస్తాయి. వేళ్లు ఆ గీత దాటి రావడానికి చాలాకాలం పడుతుంది. బయటి పొరను వేళ్లతో మెల్లగా విడదీసి నాటండి.

తీసిన పాత మట్టిని పారేయక్కర్లేదు. వేళ్ల మీద ముడులు కనిపిస్తే మాత్రం అది నులిపురుగు, ఆ మట్టిని కుండీలకు వాడొద్దు. లేకపోతే వేళ్లు ఏరేసి, కాస్త తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కింద పలచగా పరిచి మంచి ఎండలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. తర్వాత మూడో వంతు కొత్త గరుకు పదార్థం, ఎరువు కలిపి, డబ్బా పరీక్ష మరోసారి చేసి, ఇంతకుముందు అందులో ఉన్న మొక్క కాకుండా వేరే రకం నాటుకోండి.